తలవైపు దిమ్మలు

చనిపోయిన మనిషి మంచం మీద కూర్చుని ఇన్‌స్పెక్టర్ కాఫీ తాగుతున్నాడు. ఆ మనిషి పోయి ఇంకా ఒక రోజు కూడా నిండలేదు, దుప్పటి కూడా మార్చలేదు. గది మూల నేల మీద, ఆ మనిషికి సేవ చేసిన ఆయమ్మ బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరవై దాటిన ఆడమనిషికి బేడీలెందుకని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఎవరైనా అడిగితే ఇన్‌స్పెక్టర్‌కు కాఫీ ఇంకాస్త రుచిగా ఉండేది.

గుమ్మంలో డిటెక్టివ్ కనిపించగానే ఆ రుచి కాస్తా పోయింది.

"వచ్చారా గురువుగారూ! ఎక్కడ శవం లేస్తే అక్కడ మీరు వాలిపోవాల్సిందేనా?"

"నేను వాలలేదు, పిలిపించారు," అన్నాడు డిటెక్టివ్ చెప్పులు విప్పుతూ.

పోలీసు శాఖలో ఆయనకు జలగ అని పేరు. ఎదుట ఎవరూ అనరు, వెనకాల అననివాళ్లు లేరు. ఇన్‌స్పెక్టర్ కట్టిన రెండు కేసులను ఆయన కోర్టులో పీలికలు చేశాడు. ఆ దెబ్బకు రావలసిన ప్రమోషన్ కాస్తా పక్కవాడికి పోయింది. అప్పటినుంచీ జలగను చూస్తే ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లంతా కారం రాసుకున్నట్టే ఉంటుంది.

పిలిపించింది పోయిన పెద్దావిడ కూతురు. ముప్ఫై ఏళ్లుంటాయి. స్వెట్టర్ జేబుల్లో చేతులు పెట్టుకుని తలుపుకు ఆనుకుని నిలబడింది. "ఆయమ్మ నన్ను పెంచింది సార్. ఆవిడ చీమకు కూడా హాని చెయ్యదు. ఎలాగైనా విడిపించండి," అని నిన్న రాత్రి ఫోన్లో ఏడ్చింది. సాయంత్రం నాలుగింటికి ఆయమ్మను కోర్టుకు తీసుకుపోతారు. ఆ లోపల తేలకపోతే ఆ వయసులో ఆమె జైలుకు పోవడమూ, అక్కణ్ణుంచి శవమై రావడమూ ఒకటే.

కిటికీ దగ్గర మెడలో కొలత టేపు వేసుకుని నిలబడినవాడు పెద్దావిడ తమ్ముడు. కింద అంతస్తులో యూనిఫారాలు కుట్టే కార్ఖానా ఉంది, దానికి కటింగ్ మాస్టర్ ఆయనే. కార్ఖానా మాత్రం అక్కది.

"మీ కథ చెప్పండి, వింటాను," అన్నాడు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌తో.

"ఇందులో కథేముంది? నిన్న ఒంటిగంటకు ఈవిడ ముసలావిడకు జావ పట్టింది. పట్టింది కాదు, కుక్కింది. ఊపిరితిత్తుల నిండా జావే అని పోస్టుమార్టం డాక్టర్ చెప్పాడు. చచ్చాక ముఖం శుభ్రంగా తుడిచేసింది. ఎందుకు తుడిచావంటే నోరు విప్పదు. తప్పు చెయ్యలేదని కూడా అనడం లేదు. ఇంకేం కావాలి?" అంటూ ఇన్‌స్పెక్టర్ కాలు మార్చి కూర్చున్నాడు.

మంచం టక్కుమంది. కప్పులోంచి కాఫీ ఒలికి ఆయన ప్యాంటు మీద పడింది.

"ఈ దిక్కుమాలిన మంచం పొద్దుట్నుంచీ ఇంతే," అని విసుక్కున్నాడు ఇన్‌స్పెక్టర్.

మూలనున్న ఆయమ్మ తల దించుకుంది. అది డిటెక్టివ్ చూశాడు.

"నేను శవాల గది నుంచే వస్తున్నాను," అన్నాడు. "ఆవిడకేం జబ్బో మీకు తెలుసా?"

"ఏదో చర్మం జబ్బట."

"చర్మం జబ్బా!" అని కటింగ్ మాస్టర్ చేదుగా నవ్వాడు. "చర్మం ఒక్కటే అయితే ఈ కొంప ఇలా తగలడదు."

డాక్టర్ పొద్దున డిటెక్టివ్‌కు తీరిగ్గానే చెప్పాడు. ఒంట్లో చర్మాన్నీ కండనూ పేగునూ ఎక్కడిదక్కడ పట్టి ఉంచే కణజాలం ఒకటుంది. కొందరిలో ఆ ఒంటి రక్షణే దానిమీద తిరగబడుతుంది. పెద్దావిడకొచ్చింది స్క్లెరోడెర్మా. ముందు చలికి వేళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. తర్వాత చర్మం దళసరెక్కి బిగుసుకుంది. వేళ్లు కొంకర్లు పోయి అలాగే ఉండిపోయాయి. ముక్కు సన్నబడింది, పెదాలు కుంచించుకుపోయి పసిపిల్లల చెంచా తప్ప నోట్లోకి పోకుండా అయింది. ఆపైన జబ్బు లోపలికి దిగి అన్ననాళాన్ని పట్టింది. మింగింది కిందికి జారదు, వెల్లకిలా పడుకుంటే చాలు ఎగదన్నుకొస్తుంది. అందుకే పగలూ రాత్రీ మంచం తలవైపు ఎత్తుగా ఉండాలి, ఆవిడ ప్రాణం ఆ ఎత్తులోనే ఉందని డాక్టర్ గట్టిగా చెప్పాడట.

"పసిపిల్లల చెంచా పట్టని నోట్లో ఎలా కుక్కుతారు ఇన్‌స్పెక్టర్ గారూ? గట్టిగా కుక్కితే పెదాలు చీలాలి. ఒక్క గీత కూడా లేదు."

"అయితే తనంతట తనే పోయిందంటారా?"

"అనను. ఆయమ్మ ముఖం తుడిచింది గానీ జుట్టు తుడవలేదు. నేను పాయలు విడదీసి చూశాను. నుదుటి పైనుంచి నడినెత్తి దాకా ఎండిపోయిన జావ అట్టకట్టి ఉంది. తలవైపు ఎత్తుగా ఉన్న మంచం మీద కక్కుకుంటే అది ఎటు కారుతుంది?"

ఇన్‌స్పెక్టర్ వెనకాల నిలబడ్డ కానిస్టేబుల్ ఉండబట్టలేక, "మెడ మీదికండీ," అన్నాడు. ఇన్‌స్పెక్టర్ చూసిన చూపుకు నాలిక కరుచుకున్నాడు.

"మెడ మీదికే కారాలి. నెత్తి మీదికి పాకిందంటే ఆ సమయానికి తల కిందికీ కాళ్లు పైకీ ఉన్నాయి. మంచం తలవైపు దించి, కాళ్లవైపు ఎవరో పైకెత్తారు. ఆవిడ చేతులతో పట్టుకుని లేవలేదు, పక్కకు ఒత్తిగిల్లలేదు, ఎగదన్నిన జావ నోటికి అడ్డం పడితే అరవలేదు. చంపినవాళ్లు ఆవిడ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. పక్కన నిలబడి చూస్తూ ఉంటే సరిపోయింది."

కూతురు స్వెట్టర్ జేబుల్లోనే పిడికిళ్లు బిగించింది.

డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని కాళ్లవైపు నేల పరిశీలించాడు. నేలకు పరిచిన లినోలియం షీటు మీద అరచేతిలో సగమంత చదరపు గుంట కొత్తగా పడి ఉంది.

"ఈ ఇంట్లో జాకీ ఉందా?"

"కింద ఉంది," అన్నాడు కటింగ్ మాస్టర్. "కటింగ్ బల్ల ఇనుపది, మట్టానికి తేవాలంటే..." అని మధ్యలోనే ఆగిపోయాడు. ఆయన ముఖం పాలిపోయింది. "ఏమండీ, అది నాదే గానీ అక్కడ అందరికీ అందుబాటులోనే ఉంటుంది."

కానిస్టేబుల్ వెళ్లి జాకీ తెచ్చాడు. దాని అడుగు ఆ గుంటలో అచ్చుగుద్దినట్టు కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ మెల్లగా మంచం మీంచి లేచాడు. జలగ మాట నెగ్గడం ఆయనకు ఒంటికి పడదు కానీ, ఖాళీ చేతులతో పోవడం అసలే పడదు. కటింగ్ మాస్టర్ వంక ఆయన చూసిన చూపులో అప్పుడే బేడీల కొలత ఉంది.

"నిన్న ఒంటిగంట తర్వాత ఎక్కడున్నావయ్యా?"

"కిందే. బట్ట కోస్తున్నాను. మధ్యలో బీడీకి వెనక్కి వెళ్లాను. ఎవరు చూశారంటే ఏం చెప్పను? మిషన్లు నడుస్తుంటే పక్కవాడు చచ్చినా తెలియదు."

"మీరమ్మా?"

"కింద ఆఫీసు గదిలో," అంది కూతురు. "ఒంటరిగానే. ఆయమ్మ జావ పట్టి స్నానానికీ భోజనానికీ వెళ్లింది. రెండున్నరకు పైకొచ్చి కేక వేస్తే పరిగెత్తుకొచ్చాను."

"మీ అక్కంటే మీకు ప్రేమేనా?" అన్నాడు డిటెక్టివ్ కటింగ్ మాస్టర్‌తో.

"ప్రేమా! నోరు చిన్నదైంది గానీ మా అక్క మాట చిన్నది కాలేదు సార్. ఇరవై మంది పనివాళ్ల ముందు నన్ను కుక్క అని పిలిచేది. ఈ మంచం రవ్వంత కదిలితే చాలు, ఇల్లెగిరిపోయేది. చచ్చిపోతే బాగుండునని అనుకోని రోజు లేదు. అనుకోవడం వేరు, చెయ్యడం వేరు."

"మంచం కదిలితే అరిచేదా?"

"అందుకేగా తలవైపు కాళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టడం పదకొండేళ్ల కిందటే ఇంట్లో అందరికీ నేర్పించింది. ఆయమ్మకీ, నాకూ, దీనికీ." కటింగ్ మాస్టర్ మేనకోడలి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "తలవైపు ఎడమకాలు దగ్గర నేల కాస్త కుంగింది. అందుకని ఎడమ దిమ్మ పిసరంత మందం. చూపుకు తేడా తెలియదు. అడుగున రంపంతో రెండు గాట్లు పెట్టించింది. రోజూ తుడిచినప్పుడు దిమ్మలు తీసి మళ్లీ పెట్టాలి. మంచం కింద చీకటి గనక బొటనవేలితో తడిమి చూసి పెడతాం. తప్పు పెడితే ఆ పూట తనకు తిండి పెట్టనిచ్చేది కాదు."

డిటెక్టివ్ కానిస్టేబుల్ చేత మంచం కాళ్లకు దగ్గరగా ఫోటోలు తీయించాడు. తర్వాత తలవైపు జాకీతో ఎత్తి దిమ్మలు బయటికి లాగించాడు. గాట్లున్న దిమ్మ కుడికాలు కింద ఉంది.

"తారుమారయ్యాయి," అన్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారి కాఫీ ఒలికింది ఇందుకే. చంపాక మంచం మామూలుగా పెట్టేశారు గానీ దిమ్మలు మార్చి పెట్టారు. పదకొండేళ్లుగా రోజూ పెడుతున్న ఆయమ్మ ఇలా పెడుతుందా?"

"కంగారులో ఎవరైనా పెడతారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సరే. ముగ్గురిచేతా తడిమిద్దాం."

"ఇదేం పిల్లలాటండీ?"

"మీరు నిన్నటినుంచీ చేసిన దర్యాప్తు కంటే త్వరగానే అయిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ పళ్లు కొరికి కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. ఆయమ్మ బేడీలు ఊడాయి. డిటెక్టివ్ రెండు దిమ్మల మీదా తువ్వాలు కప్పాడు. దాని కింద చేతులు పెట్టి ఎడమ దిమ్మ ఏదో చెప్పాలి.

ఆయమ్మ వంగి, తువ్వాలు కింద చెయ్యి పెట్టీ పెట్టకముందే ఒక దిమ్మ బయటికి తీసింది. గాట్లున్నదే. అయినా ఆమె ముఖంలో విడుదలైన మనిషి కళ లేదు. వెనక్కి వెళ్లి మళ్లీ అదే మూల కూర్చుంది.

డిటెక్టివ్ దిమ్మల్ని అటూ ఇటూ మార్చాడు. కటింగ్ మాస్టర్ కూర్చున్నాడు. గుడ్డ పోగును వేలితో లెక్కపెట్టే మనిషి, ఆయనకూ రెప్పపాటు పట్టలేదు. "ఇదిగో," అని బయటికి తీసి, చెమట తుడుచుకున్నాడు.

"ఇద్దరికీ తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏం తేలింది? ఇద్దర్నీ లోపలేస్తాను."

"ఇంకొకరున్నారు. రండమ్మా."

"నేనెందుకు సార్? నేను మిమ్మల్ని పిలిపించినదాన్ని."

"లెక్కకు సరిపోవాలిగా. స్వెట్టర్ జేబుల్లోంచి చేతులు తీయండి."

ఆమె కదల్లేదు. తర్వాత నెమ్మదిగా వచ్చి నేల మీద కూర్చుని, చేతులు బయటికి తీసీ తీయగానే తువ్వాలు కింద దూర్చేసింది. ఒక దిమ్మ తడిమింది. రెండోది తడిమింది. మళ్లీ మొదటిది. చివరకు ఒకటి బయటికి తీసింది. దాని అడుగు నున్నగా ఉంది.

డిటెక్టివ్ తువ్వాలు లాగేశాడు. నేల మీద ఆమె వేళ్లు పది కనిపించాయి. నడిమి కణుపు వరకూ మామూలు రంగు, అక్కణ్ణుంచి చివరి దాకా చుక్క రక్తం లేదు, సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. కటింగ్ మాస్టర్ ఒక్కడుగు వెనక్కి వేశాడు. ఆ రంగును ఆయన ఇంతకు ముందు ఒక్క మనిషి చేతుల్లోనే చూశాడు.

"ఇవి చలికే కాదు, భయానికీ తెల్లబడతాయట," అన్నాడు డిటెక్టివ్. ఆయన గొంతు పెద్దది కాలేదు. "పొద్దున డాక్టరే చెప్పాడు. తెల్లబడ్డప్పుడు వేలి కింద గాటుందో లేదో కూడా తెలియదు. నిన్న మధ్యాహ్నం కూడా తెలియలేదు. ఎన్నాళ్లైందమ్మా?"

"రెండేళ్లు."

"మీ అమ్మకు తెలుసా?"

కూతురు నవ్వింది. ఆ నవ్వు చూస్తే జాలి కలగదు, భయం వేస్తుంది. "తెలిసిన రోజు ఎంత సంతోషించిందో సార్! తల్లికొస్తే కూతురికి రావాలని లేదని డాక్టర్ అన్నాడు. నాకొచ్చింది. ఆ రోజునుంచీ రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. కొంకర్లు పోయిన చేతులు నా ముఖం ముందు పెట్టి, 'బాగా చూసుకో, పదేళ్లకు నీవి ఇవే. ఈ మంచం నీదే. నీకు జావ పట్టడానికి ఎవరూ ఉండరు,' అనేది. కళ్లు పక్కకు తిప్పితే ఆ పూట జావ ముట్టేది కాదు. నిన్న కూడా..."

"నేనే చంపాను."

ఆ మాట మూలలోంచి వచ్చింది. ఆయమ్మ లేచి నిలబడింది. నిన్నటినుంచి నోరు విప్పని మనిషి ఇప్పుడు గడగడా చెప్పేస్తోంది. "నేనే. జాకీ తెచ్చింది నేను, మంచం ఎత్తింది నేను. ముఖం తుడిచింది నేను. పాపకేం తెలియదు. దిమ్మలు కావాలనే మార్చి పెట్టాను, మాస్టారు మీదికి పోవాలని."

"అబద్ధం," అన్నాడు డిటెక్టివ్. "ఆయమ్మా, నువ్వు పైకొచ్చి చూసేసరికే జావ నెత్తికెక్కి ఉంది. మంచం ఊగుతోంది. గాట్లు తెలియని వేళ్లు ఎవరివో తెలిసినదానివి, ఎవరు చేశారో నీకప్పుడే తెలిసిపోయింది. ముఖం తుడిచింది ఆ పిల్ల కోసం. నిన్నటినుంచి నోరు మూసుకుంది కూడా ఆ పిల్ల కోసమే."

"నేనే చంపానంటుంటే మీకేం బాధ సార్?"

ఇన్‌స్పెక్టర్ ముఖం వెలిగిపోయింది. బేడీలు తనే స్వయంగా తీసుకెళ్లి ఆ ముసలి చేతులకు తగిలించాడు.

"విన్నారుగా గురువుగారూ. నలుగురి ముందు, తన నోటితో చెప్పింది. మీ దగ్గరేముంది? తెల్లబడ్డ వేళ్లా? చూడండి."

అందరూ చూశారు. కూతురి వేళ్లు నీలంగా మారుతున్నాయి. కాసేపటికి చివర్లలో ఎరుపు దిగింది. ఆ ఎరుపు చూస్తుండగానే పాకి, చేతులు మామూలు చేతులైపోయాయి. కోర్టులో చూపించడానికి ఇక అక్కడేమీ మిగల్లేదు. ఈ ముసలిదాన్ని విడిపించాలని వచ్చి, నిన్నటినుంచీ ఇన్‌స్పెక్టర్ కక్కించలేని మాటను డిటెక్టివే కక్కించి పెట్టాడు.

మెట్ల దగ్గర ఆయన ఆయమ్మకు అడ్డం నిలబడ్డాడు. "ఎందుకమ్మా? నిన్ను చావడానికి పంపిస్తూ ఒక్క మాట అనకుండా నిలబడింది, చూడు. అలాంటిదాని కోసమా?"

"జైల్లో నేల చల్లగా ఉంటుంది సార్," అంది ఆయమ్మ. "ఆ చేతులు తట్టుకోలేవు. వేళ్లు కుళ్లి రాలిపోతాయి. పెద్దమ్మగారికి రెండు వేళ్లు అలాగే తీసేశారు, కట్లు కట్టింది నేనే. నావి మొద్దుచేతులు, వీటికేం కాదు."

ఆమె తనంతట తనే మెట్లు దిగింది. ఇన్‌స్పెక్టర్ ఈల వేసుకుంటూ వెనకాల వెళ్లాడు.

డిటెక్టివ్ గదిలోకి తిరిగొచ్చేసరికి కటింగ్ మాస్టర్ నేల మీద కూర్చుని దిమ్మలు తిరిగి పెడుతున్నాడు. కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఆయన చేతుల వంకే చూస్తోంది.

"మంచం తీయించెయ్యి మామయ్యా," అంది.

"ఎందుకు తల్లీ? నీకే కావాలిగా." ఆయన గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "అచ్చం అక్క చేతులే నీవి. ఇంత దాచావు! నా జాకీ, నా మెడకు ఉరి. బాగా ఆలోచించావు. పోనీలే, మేనమామను, మనసులో పెట్టుకోను. ఆయమ్మ ఎలాగూ పోయింది. ఇకనుంచి నీ తిండీ తిప్పలూ నేనే చూసుకుంటాను. దిమ్మలు కూడా నేనే పెడతాను."

కూతురు చివ్వున డిటెక్టివ్ వైపు తిరిగింది. వేళ్లు బయటపడినప్పుడు కూడా లేని భయం ఇప్పుడు ఆ కళ్లలో ఉంది. "సార్, మీరు వెళ్లకండి."

"జీపు ఇంకా గేటు దగ్గరే ఉంది," అన్నాడు డిటెక్టివ్. "కిటికీలోంచి ఒక్క కేక వెయ్యి. నిజం చెప్పు. ఆయమ్మ బతుకుతుంది, నువ్వూ బతుకుతావు. జైల్లో డాక్టరుంటాడు, కంబళి ఇప్పించే పూచీ నాది."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. ఊచ పట్టుకుంది. ఇనుప ఊచ చల్లగా తగిలిందేమో, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుంది. నోరు తెరిచింది. కింద జీపు స్టార్టయింది, గేటు తెరుచుకుంది, మూసుకుంది. ఆమె నోట్లోంచి మాట రాలేదు.

కటింగ్ మాస్టర్ లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. మంచం పట్టె మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ గట్టిగా నొక్కి చూశాడు. కాస్త కూడా కదల్లేదు.

"రా తల్లీ," అన్నాడు దుప్పటి సరిచేస్తూ. "ఒకసారి పడుకుని చూడు."